లెక్కబండ మీద మిగిలిన రాయి

కొండపల్లి,
మే 29, గురువారం.

చిరంజీవి శాలినికి,

మీ తాత జక్కయ్య మనసారా దీవించి రాస్తున్న సంగతులు. ప్రభువు దయవల్ల ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మమ్మ ఇంకా బాగుంది. పొద్దున లేచింది మొదలు నా తప్పులు వెతికే ఓపిక ఉందంటే బీపీ బిళ్ళలు బాగానే పనిచేస్తున్నట్టు. పుణేలో నువ్వూ క్షేమమేనని, ఆ సైకిలు కోచింగు క్యాంపు వాళ్ళు కడుపు నిండా పెడుతున్నారని అనుకుంటున్నాను. పెట్టకపోయినా నీకేం భయం లేదు, చిన్నప్పుడు మీ అమ్మమ్మ తినిపించిన ముద్దపప్పు ఇంకో పదేళ్ళకి సరిపోతుంది.

నీ ఉత్తరం సోమవారం అందింది. ఈ రోజుల్లో ఉత్తరమేంటి తాతా అని నువ్వు వెక్కిరించావు గానీ, నీకు ఫోను ఇచ్చేది ఆదివారం ఒక్క అరగంట. ఆ అరగంట మీ అమ్మమ్మ సొంతం. నేను మధ్యలో దూరి "బాగున్నావా" అనేలోపు టైమైపోతుంది. పైగా ఈసారి చెప్పాల్సింది మీ అమ్మమ్మ పక్కన కూర్చుని వినేది కాదు. ఐదో క్లాసు చదువు నాది, అక్షరాలు అటూ ఇటూ నడుస్తాయి. సర్దుకో.

నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి అట్లాగే ఉంది, దానికీ నాకూ అలవాటైపోయింది. పిల్లి మూడు కూనల్ని పెట్టింది, ఒకదానికి ఫారెస్టు వాచర్ అంతోని ముఖం వచ్చింది, మీసాలతో సహా. ఆ మాట అంతోనికి చెప్పాను కూడా. నీ సైకిలు గొలుసుకి నూనె వేశావా అన్నావు. వేశాను, కొబ్బరినూనె. అరవకు, ఉత్తినే అన్నాను. నువ్వు ఇచ్చిన సీసాలోదే వేశాను. స్టాండు లేదు, క్యారేజీ లేదు, బెల్లు లేదు, దాన్ని సైకిలని ఎందుకంటారో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇంకో రెండు ప్రశ్నలు అడిగావు. వాటి దగ్గరికి రావడానికే ఇంత సాగదీస్తున్నానని నీకు ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

ఒకటి, లెక్కబండ మీద ప్రతి ఆదివారం ఒక రాయి ఎక్కువ పెడుతోంది నువ్వేగా తాతా, అని. రెండు, జూన్ మూడో ఆదివారం తొలకరి పడ్డాక నువ్వు నలభై మంది సైకిలు వాళ్ళని ఆ అడవి ట్రైలు మీదికి తీసుకొస్తావు, వాళ్ళందరూ బయటికి వచ్చేదాకా బండ దగ్గర నన్ను కూర్చోమన్నావు. "నీకన్నా నమ్మకమైనవాడు ఎవరున్నారు తాతా" అని రాశావు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. నాలుగోసారి చదివాక కాగితం మడిచి లోపల పెట్టేశాను.

నీకు లెక్కబండ సంగతి చెప్పింది నేనే, నీ సైకిలు బృందానికి ఆ పద్ధతి అలవాటు చేసింది నువ్వు. సగమే చెప్పాను. ఈసారి మొత్తం రాస్తాను.

నేను వయసులో ఉన్నప్పుడు మేం ఏడుగురం పొణికి చెక్క కోసం అడవికి పోయేవాళ్ళం. బొమ్మలు చేసేవాళ్ళకి ఆ తెల్ల చెక్కే కావాలి, తేలిగ్గా ఉంటుంది, ఉలికి వెన్నలా తెగుతుంది. నువ్వు ఇప్పుడు ట్రైలు అంటున్నావే, అవన్నీ మేం మోపులు మోసిన బాటలే. కొండ దిగే చోట, ఆ రెండు బాటలూ కలిసే దగ్గర బల్లపరుపు బండ ఉంది చూడు, లోపలికి పోయేటప్పుడు ఎవడి రాయి వాడు దాని మీద పెట్టాలి. బయటికి వచ్చాక ఎవడిది వాడు తీసుకోవాలి. బండ మీద ఒక్క రాయి ఉన్నా ఎవడూ ఇంటికి పోకూడదు. లోపల మనిషి ఉన్నట్టే. పోయి వెతకాలి. మోపు నెత్తి మీదికి ఎత్తుకుంటే పక్కవాడు ఉన్నాడో లేడో కనబడదు. అందుకు పెట్టుకున్న పద్ధతి అది.

మా రాళ్ళు ఏవో దారిలో ఏరినవి కావు. ఫెర్రీ రేవు దగ్గర కృష్ణ ఒడ్డున ఒక్కొక్కడూ ఒకటి ఎంచుకుని తెచ్చుకున్నాం. నాది ఎర్రది, కోడిగుడ్డంత. రత్తయ్యది నల్లది, దాని నడుముకి మొలతాడు కట్టినట్టు చుట్టూ తెల్లగీత.

ఆ రాయిని నువ్వు చూశావు. "ఎక్కువ వచ్చేది ఎప్పుడూ అదే నల్లరాయి, తెల్లగీతది, నీ అల్లరి నాకు తెలియదా" అని నువ్వే రాశావు.

అది నేను పెట్టలేదమ్మా.

మొదటిసారి నువ్వు జనవరిలో ఫోన్‌లో ఫోటో చూపించి నవ్వావు, గుర్తుందా. నేనూ నవ్వాను. ఆ సాయంత్రం పోయి ఆ రాయి తీసుకుని, ఫెర్రీకి పోయి, ఏట్లో ఎంత దూరం విసరగలిగితే అంత దూరం విసిరాను. మరుసటి ఆదివారం బండ మీద ఉంది. మళ్ళీ పోయాను. ఈసారి పడవ ఎక్కి నడి ఏట్లో వదిలాను. పడవవాడు ఏంటి తాతా మొక్కా అని అడిగితే, అవును నీకు పెళ్ళి కావాలని మొక్కుకున్నా అన్నాను. ఆ పై ఆదివారం మళ్ళీ వచ్చింది. తర్వాత వచ్చినప్పుడల్లా విసిరాను. నువ్వు మార్చిలో పుణేకి పోయాక కూడా అది వస్తూనే ఉంది. పటమట నుంచి వచ్చే నీ సైకిలు బృందం వాళ్ళు నా భుజం తట్టి, "తాతగారూ, మీ రాయి మీరు తీసుకోండి, మేం టిఫినుకి పోతున్నాం" అనేవాళ్ళు. నేను మీసం మెలేసేవాణ్ణి. పిచ్చివాడనుకోవడం కన్నా అల్లరివాడు అనుకోవడమే మేలని ఊరుకున్నాను.

అక్కడే తప్పు జరిగింది. రాయి మిగిలితే నవ్వడం వాళ్ళకి అలవాటైపోయింది.

మొన్న ఆదివారం సంగతి. మీ అమ్మమ్మ తొమ్మిదిన్నర ఆరాధనకి చీర మడత పెడుతుంటే నేను మజ్జిగ చెంబు పట్టుకుని ఎనిమిదింటికి బండ దగ్గరికి పోయాను. ఆరుగురు వచ్చారట, ఆరుగురూ బయటికి వచ్చేశారు, ఎవరిది వాళ్ళు తీసేసుకున్నారు. బండ మీద నల్లరాయి. వాళ్ళు నవ్వుకుంటూ పోయారు.

నేను ఒక్కణ్ణే మిగిలాను. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది, రోహిణి కార్తె ఎండ. వాగులో చుక్క నీళ్ళు లేవు, బండ పెనంలా ఉంది. రాయి తీసి లుంగీ మడతలో దోపుకోబోయాను. చల్లగా తగిలింది. చూస్తే తడిగా ఉంది. అప్పుడే ఏట్లోంచి తీసినట్టు, దాని కింద బండ మీద కూడా చిన్న తడి మరక.

చెయ్యి అట్లాగే ఆగిపోయింది శాలినీ. నలభై ఏళ్ళ కిందట కూడా ఇదే బండ, ఇదే రాయి, ఇదే లుంగీ మడత.

రాయి ఉంటే లోపల మనిషి ఉన్నట్టే అని నీకు నేర్పింది నేను. రాయిని మళ్ళీ బండ మీద పెట్టి లోపలికి నడిచాను. ఎవడి కోసం పోతున్నానో నాకే తెలియదు. అడవిలో ఒక్క పిట్ట కూత లేదు. ఎప్పుడూ గోల పెట్టే నెమళ్ళు కూడా లేవు. అవతల థర్మల్ స్టేషను హోరు ఎప్పుడూ వినబడుతూనే ఉంటుంది కదా, కొండ మలుపు తిరగ్గానే అది కూడా తెగిపోయింది. అప్పుడు వినబడింది. టక్కు. కాసేపాగి, టక్కు. గొడ్డలి దెబ్బ. ఆ అడవిలో గొడ్డలి పడి ఎన్నేళ్ళయిందో అంతోనిని అడుగు. పచ్చి చెక్క మీద పడే దెబ్బ వేరు, ఎండు చెక్క మీద పడేది వేరు. అది పచ్చి పొణికి మీద పడుతున్న దెబ్బ. నా చెవికి తెలుసు.

ఆ చప్పుడు వెంట పోయాను. నువ్వు ఎర్రరిబ్బను కట్టి "ఇటు రావద్దు" అని బోర్డు పెట్టిన పల్లం ఉంది చూడు, అక్కడికి పోయేసరికి ఆగిపోయింది. కింద సైకిలు తలకిందులుగా ఉంది. దాని పక్కన యేసుబాబు. పటమటవాడు, బ్యాంకులో పని, నీకు తెలుసుగా. మిగతావాళ్ళకి ఆ రోజు రానని చెప్పాడట, తర్వాత మనసు మారి వాళ్ళు లోపలికి పోయాక ఇంకో వైపు నుంచి ఒక్కడే వచ్చాడు. ఎవరికీ తెలియదు. కాలు విరిగింది, భుజం ఎముక విరిగింది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఫోను పగిలిపోయింది. నా డబ్బా ఫోను నుంచి 108కి, అంతోనికి చేశాను. అంతోని పొట్ట వేసుకుని అంత ఎండలో పరిగెత్తుకుంటూ వచ్చాడు, ఆ విషయంలో ఇక వాణ్ణి ఏడిపించను. స్ట్రెచరు మీద మోసుకుని బయటికి తెచ్చారు. ఇప్పుడు ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదన్నారు, నువ్వు కంగారు పడకు.

వాళ్ళు వచ్చేలోపు నేను మజ్జిగ పట్టించాను. "ఏం నాయనా, తలుపు తట్టినట్టు ఆ కొట్టడమేంటి, గట్టిగా అరవచ్చుగా" అన్నాను.

"నేను కొట్టలేదు తాతా. నా చెయ్యి లేవడం లేదు. నాకూ వినబడింది, మీరే చెట్టు కొడుతున్నారనుకున్నా" అన్నాడు.

ఇంకో గుక్క మజ్జిగ పట్టించాను. తర్వాత అన్నాను, రాయి పెట్టి మంచిపని చేశావు, లేకపోతే నేను వచ్చేవాణ్ణి కాదని.

"నేనెప్పుడూ రాయి పెట్టలేదు తాతా. అది మీ సరదా అనుకునేవాణ్ణి" అన్నాడు.

ఇప్పుడు నీకు చెప్పకుండా దాచిన సగం రాస్తాను. ఇక్కడ పెన్ను పెట్టి లేచి రెండుసార్లు నీళ్ళు తాగాను.

రత్తయ్య రోజూ ఆలస్యంగా బయటికి వచ్చేవాడు. ఇంకో కొమ్మ, ఇంకో కొమ్మ అంటూ ఉండేవాడు. మేం ఆరుగురం మోపులు దించుకుని వాడి రాయి వంక చూస్తూ కూర్చోవాలి. ఒకరోజు నాకు తిక్క పుట్టింది. ఆలస్యగాడికి ఒకసారి బుద్ధి చెప్పాలనిపించింది. బయటికి వచ్చేసరికి ఎవరూ లేకపోతే ఎట్లా బెదురుతాడో, మర్నాడు ఎట్లా చెప్పుకుని నవ్వుకోవచ్చో. అందరికన్నా ముందు నేను బయటికి వచ్చాను. నా రాయితో పాటు వాడి రాయి కూడా తీసి లుంగీలో దోపుకున్నాను. మిగతావాళ్ళు వచ్చాక, "రత్తయ్య ఇవాళ ముందే పోయాడు, రాయి లేదు చూడండి" అన్నాను. వాళ్ళు సంతోషంగా మోపులెత్తుకున్నారు. నేను తుప్ప వెనకాల దాక్కుని చూద్దామనుకున్నాను. అరగంట చూశాను. వాన మొదలైంది. తడిసి తిట్టుకుంటూ వాడే వస్తాడులే అని ఇంటికి పోయాను.

మర్నాడు వాడు రాలేదు. కంకిపాడులో అత్తగారింటికి పోతానని అంతకుముందు అన్నాడు, పోయాడనుకున్నారు. భార్య కనకలక్ష్మి అప్పటికి రెండు రోజులుగా అక్కడే ఉంది. మూడో రోజు ఆమె ఒక్కతే వచ్చింది, ఆయనేడి అని అడిగింది. అప్పుడు వెతికాం. ఆ పల్లంలోనే ఉన్నాడు. మొదటి రాత్రంతా బతికే ఉండి ఉంటాడని డాక్టరు అన్నాడు.

నేను అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు. బండ మీద రాయి లేదు కాబట్టి, రత్తయ్య రాయి పెట్టకుండా లోపలికి పోయాడని అందరూ తేల్చేశారు. పద్ధతి తప్పాడు, తప్పు వాడిదే అన్నారు. నా చేత కూడా అనిపించారు, నేనూ అన్నాను. ఆ రాత్రే రాయి ఏట్లో పారేశాను. ఇన్నేళ్ళుగా ఊరంతా నన్ను సరదా మనిషి అంటుంటే, ఆ ఒక్క సరదా సంగతి మీ అమ్మమ్మకి కూడా చెప్పలేదు.

అందుకే ఈసారి ఏట్లో వేయలేదు. ఆదివారం సాయంత్రం రాయి ఇంటికి తెచ్చాను. మిద్దె మీద ఎండలో పెట్టాను. ఈ ఎండకి మీ అమ్మమ్మ ఆరేసిన చీర పది నిమిషాల్లో పెళపెళలాడుతోంది. ఇవాళ్టికి నాలుగు రోజులు. రాయి ఆరలేదు. ఇది రాస్తుంటే బల్ల మీద నా ఎదురుగానే ఉంది, కింద కాగితం నానిపోయింది.

కాబట్టి నీ రెండో ప్రశ్నకి జవాబు నా చేతుల్లో లేదు. నువ్వు బండ దగ్గర ఎవరిని కూర్చోమంటున్నావో ముందు నీకు తెలియాలి. కనకలక్ష్మి ఇబ్రహీంపట్నంలో ఉంది, ఇంకా పొద్దున్నే ఇడ్లీలు వేసి అమ్ముతుంది. రేపు పోయి ఆమెకి చెబుతాను. తర్వాత ఆమె ఏమంటే అది. ఈ ఉత్తరం అప్పటిదాకా పోస్టు చేయను, సగం సంగతితో నీకు రాయడం ఇదివరకే అయింది.

జూన్ 2, సోమవారం.

శుక్రవారం పోయాను. ఆమె ఇడ్లీపాత్ర కడుగుతోంది. "ఏం అన్నయ్యా, రూతు వదిన ఇంట్లోంచి తరిమిందా" అంది. అట్లాంటి వేళాకోళం ఎప్పుడూ నాది. నేను నవ్వలేదు. రాయి తీసి ఆమె ముందు అరుగు మీద పెట్టాను. గుర్తుపట్టింది. ఏరిన రోజు ఆమె కూడా ఏటి ఒడ్డునే ఉందట, తెల్లగీత చూసి తీసుకోమని చెప్పింది ఆమేనట. నాకు ఆ సంగతి తెలియదు.

అంతా చెప్పాను. ఒక్క మాట కూడా తగ్గించలేదు, వాన పడిందని సాకు కూడా చెప్పలేదు. ఆమె పాత్ర కడగడం ఆపలేదు. చాలాసేపటికి చెయ్యి తుడుచుకుని ఒక్కటే అడిగింది.

"అయితే ఆయన రాయి పెట్టాడా?"

"పెట్టాడు చెల్లెమ్మా. పెట్టాకే లోపలికి పోయాడు."

"రోజూ గుమ్మం దాకా వచ్చి చెప్పేదాన్ని, రాయి పెట్టు, మరిచిపోకు అని. నా మాట వినలేదని నలభై ఏళ్ళుగా ఆయన మీద కోపంగా ఉన్నా అన్నయ్యా. ఫోటోకి దండ వేసేటప్పుడు కూడా కోపంగానే వేశా" అంది.

నాకు తిట్లు పడతాయని పోయాను. ఒక్క దెబ్బ వేసినా బాగుండేది. ఆమె రాయి చేతిలోకి తీసుకుంది, తడి చూసింది, చీర కొంగుతో నిదానంగా తుడిచింది. తుడిచి అరుగు మీద పెట్టింది. శాలినీ, రాయి ఆరిపోయింది. నా కళ్ళ ముందే, తెల్లగీత ఒక్కటే మెరుస్తూ, మామూలు ఎండు రాయి అయిపోయింది.

నువ్వు నలభై మందితో వచ్చే సంగతి చెప్పి, నన్ను కూర్చోమంటావా వద్దా అని అడిగాను.

"నువ్వే కూర్చో. ఆ రోజొక్కటే కాదు, ఓపికున్నన్నాళ్ళు ప్రతి ఆదివారం నువ్వే కూర్చో. చివరి మనిషి వచ్చేదాకా లేవకు. వాన వచ్చినా లేవకు" అంది. అది క్షమించడమో శిక్షో నాకు అర్థం కాలేదు. ఆమెకీ అర్థమైందో లేదో. రాయి మాత్రం నాకు ఇవ్వలేదు, లోపల ఫోటో దగ్గర పెట్టుకుంది.

మీ అమ్మమ్మకి కూడా చెప్పాను. మూడు రోజులుగా నాతో మాట్లాడ్డం లేదు. ఇన్నేళ్ళూ ఇంట్లో కాస్త ప్రశాంతత కావాలని ఏడిపించేవాణ్ణి, ఇప్పుడు దొరికింది, భరించలేకపోతున్నాను. అన్నం మాత్రం వేడిగానే పెడుతోంది.

నిన్న ఆదివారం పొద్దున్నే ఐదింటికే పోయి బండ దగ్గర కూర్చున్నాను. యేసుబాబు సంగతి తెలిసి ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎనిమిది మంది ఎనిమిది రాళ్ళు పెట్టి లోపలికి పోయారు, ఎనిమిది మంది వచ్చి ఎనిమిది తీసుకున్నారు. బండ ఖాళీ. తాతగారూ ఇక పదండి అన్నారు. మీరు పోండి అన్నాను. ఎందుకో లేవబుద్ధి కాలేదు.

వాళ్ళ సైకిళ్ళ చప్పుడు దూరమయ్యాక పిట్టలు ఆగాయి. థర్మల్ స్టేషను హోరు ఆగింది. నా వెనకనుంచి, కొండ బాట మీద, బరువు మోసుకుని దిగే మనిషి అడుగులు. మోపు మోసేవాడి నడక వేరుగా ఉంటుంది, మడమ గట్టిగా పడుతుంది. అడుగులు నా పక్కకి వచ్చి ఒక్క క్షణం ఆగాయి. అప్పుడే కొట్టిన పచ్చి పొణికి చెక్క వాసన గుప్పున వచ్చింది. అక్కడ ఎవరూ లేరు. ఆ వాసన నన్ను దాటి, బాట దిగి, ఇబ్రహీంపట్నం వైపు పోయింది.

ఏం రత్తయ్యా, ఇవాళ కూడా ఆలస్యమేనా అని నోటి దాకా వచ్చింది. మింగేశాను. లేచి నిలబడి దారి ఇచ్చాను. వాసన పూర్తిగా పోయాక, బండ మీద వెంట తెచ్చుకున్న నా ఎర్రరాయి పెట్టి మళ్ళీ కూర్చున్నాను.

నువ్వు త్వరగా రా. నన్ను చూడ్డానికి మనసొప్పకపోతే అదీ రాసెయ్యి, దాచకు. వస్తే మాత్రం నీ రాయి ఒకటి ఏటి నుంచి తెచ్చుకో, దారిలోది వద్దు. ఫెర్రీకి నేను తోడొస్తాను.

ఇట్లు,
ఆ నలభై మందీ బయటికి వచ్చి, అందరికన్నా వెనక నువ్వు వచ్చేదాకా బండ దగ్గర నుంచి లేవని
మీ తాత,
జక్కయ్య.